రాయి మీద కొట్టిన కొబ్బరికాయ

ఇనుము అరగదీసే బెంచ్ గ్రైండర్ బిగించడమంటే నాలుగు బోల్టులు తిప్పి, ప్లగ్గు పెట్టి, చాయ్ తాగి రావడమే అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకుని రాణిగంజ్‌లో ఒక మెషిన్ల దుకాణంలో చేరాను. దుకాణంలో అమ్ముడైన ప్రతి గ్రైండర్‌నూ, బఫింగ్ మెషిన్‌నూ కొన్నవాళ్ల ఇంటికి తీసుకుపోయి, బిగించి, నడిపించి చూపించి రావడం నా ఉద్యోగం. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరాను, మోకాళ్లు మొరాయించాక మానేశాను. నా పేరు ఖాజా. పేరు మొదటే చెప్పుకోవాలని ఉంది, చెప్పుకుంటున్నాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్లు ఫోన్‌లో వీడియోలు చూసి వస్తున్నారు. మంచిదే. బోల్టు ఎంత బిగించాలో వీడియోలో చెబుతారు. బోల్టు బిగించేటప్పుడు మన వెనకాల నిలబడి మాట్లాడే మనుషుల సంగతి మాత్రం చెప్పరు. అన్నేళ్లలో ఏ మెషినూ నన్ను మోసం చేయలేదు. అందుకే ఇక్కడ మెషిన్ల గురించి కొంచెం, మనుషుల గురించి ఎక్కువ రాస్తున్నాను.

బల్ల

మేం పోయేవి పెద్ద ఫ్యాక్టరీలు కావు. ఇంటి ముందున్న కారు షెడ్డు. కారును రోడ్డు మీదికి తోసేసి, షెడ్డులో ఒక బల్ల వేసుకుని, గేటుకు చిన్న బోర్డు తగిలించి పని షురూ చేసేవాళ్లు. ఆ బల్ల సంగతి అడగకండి. పాత డైనింగ్ టేబుల్ చూశాను, కుట్టుమిషన్ బల్ల చూశాను. నేరేడ్‌మెట్‌లో ఒక పెద్దాయన పాత తలుపును రెండు డ్రమ్ముల మీద పరిచి, దీని మీద బిగించమన్నాడు. "సార్, ఇది ఊగుతది" అన్నాను. "నేను మిలటరీల చేసిన, నాకు చెప్తున్నవా?" అన్నాడు. సరేనని ఆయన ముందే మెషిన్‌ను ఊరికే పెట్టి స్విచ్ వేశాను. మెషిన్ తనంతట తాను జరుగుతూ తలుపు చివరిదాకా వచ్చింది. పెద్దాయన నాకంటే ముందు షెడ్డు బయట ఉన్నాడు.

బల్ల బరువుగా ఉండాలి, గోడకు ఆనించి ఉండాలి, నాలుగు కాళ్లూ నేలకు తగలాలి. మెషిన్ కింద రబ్బరు ముక్క వేయాలి. రాయి మధ్యభాగం నిలబడ్డ మనిషి మోచేతి ఎత్తుకు రావాలి. అంతకంటే కిందుంటే వంగి పనిచేస్తాడు, మొహం రాయికి దగ్గరవుతుంది. ఇదంతా చెబితే వింటారు, ఎందుకంటే కళ్లకు కనబడుతుంది.

వాస్తు దగ్గర మాత్రం వినరు. నిప్పురవ్వలు లేచే మెషిన్ కాబట్టి ఆగ్నేయం మూలలోనే పెట్టాలంటారు. ఆ మూలలో సరిగ్గా పెట్రోలు డబ్బా, ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటాయి. మొదట్లో నేను మూల గురించి వాదించేవాణ్ణి. తర్వాత తెలివి తెచ్చుకున్నాను. మెషిన్‌ను ఆగ్నేయంలోనే పెట్టేసి, పెట్రోలు డబ్బాను నా చేత్తో తీసుకుపోయి ఇంటి వెనకాల పెట్టేవాణ్ణి. మీరూ అదే చేయండి.

రాయి

గ్రైండింగ్ వీల్‌ను మేం రాయి అనే అంటాం. చూడటానికి గట్టిగా ఉంటుంది గానీ అంత మొండిది కాదు. పొడిని కలిపి, కాల్చి చేసిన సరుకు. కింద పడినా, దేనికైనా గట్టిగా తగిలినా లోపల పగులు పడుతుంది. ఆ పగులు కంటికి కనబడదు. అందుకే బిగించే ముందు రాయిని వేలికి తగిలించుకుని, స్క్రూడ్రైవర్ కట్టె పిడితో మెల్లగా తట్టాలి. బాగుంటే గంటలాగా మోగుతుంది. పగులు ఉంటే మొద్దు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఒక్కసారి వింటే మరిచిపోరు.

ఇంకొకటి. ఆగి ఉన్న రాయి మీద నీళ్లు పడితే అవి కిందిభాగంలోకి ఇంకుతాయి. అట్లాగే స్విచ్ వేస్తే ఒక పక్క బరువై రాయి కొట్టుకుంటుంది. అందుకే రాయి మీద కవర్ లేకుండా, మొదటిసారి నడిపించేటప్పుడు పక్కకు నిలబడకుండా ఎవరినీ స్విచ్ ముట్టుకోనివ్వకండి. ఎదురుగా నిలబడేది ఫొటో కోసమైతే, ఆ ఫొటో మెషిన్ ఆగాక దిగమనండి.

మెరుగుపెట్టే బఫ్ ఉన్న వైపు వేరే గండం. అది గుడ్డ చక్రమే కదా అని నిర్లక్ష్యం చేస్తారు. గుడ్డే మనిషిని లాగేది. చేతి తొడుగులు, వదులు చొక్కా చేతులు, మెడలో తువ్వాలు, ఏదీ ఉండకూడదు. మెరుగు పెట్టే సామానును చక్రం మధ్యకంటే కిందనే ఆనించాలి. పైన ఆనిస్తే చేతిలోంచి గుంజుకుపోయి ఎదురు విసురుతుంది.

సేటు

మా సేటు చెడ్డవాడని రాస్తే అబద్ధం. నా పెళ్లికి వచ్చాడు, మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు రోజూ అడిగేవాడు. కానీ కస్టమర్ అంటే ఆయనకు భయం. కస్టమర్ గొంతు పెంచితే చాలు, ఎదురుగా ఉన్న తన మనిషిని మరిచిపోయేవాడు. జీవితమంతా రాళ్లు అమ్మాడు, ఒక్క రాయినీ తట్టి చూడలేదు. డబ్బా సీలు పగలకుండా ఉంటే చాలు, లోపలున్నది మంచిదే అని ఆయన లెక్క. ఇట్లాంటి యజమానులు మీకూ దొరుకుతారు. మీ మీద ప్రేమ ఉంటుంది, మీ మాట మీద నమ్మకం ఉండదు.

అల్వాల్‌లో

ఇక అసలు సంగతి. అల్వాల్‌లో యాదగిరి అని ఒకాయన, పేరు మార్చి రాస్తున్నాను, ఇత్తడి గడియలు, తలుపు పిడులు మెరుగుపెట్టే పని పెట్టుకున్నాడు. కారు లేదు గానీ కారు షెడ్డు ఉంది. ఒక వైపు రాయి, ఒక వైపు బఫ్ ఉండే మెషిన్ కొన్నాడు. నేను పోయి బల్ల సరిచేసి, రాయి తట్టి చూసి, గంటలాగా మోగాక బిగించాను. వాళ్లు పూజకు సిద్ధమయ్యారు.

పూజలు నాకు కొత్త కాదు. మోటారుకు పసుపు రాస్తారు, బొట్లు పెడతారు, పూలదండ వేస్తారు. స్విచ్ వేసే ముందు దండ తీయమంటే తీస్తారు. నిమ్మకాయ కోస్తారు, కొబ్బరికాయను కింద నేలమీదో గడప దగ్గరో కొడతారు. యాదగిరి మాత్రం కొబ్బరికాయ పట్టుకుని నేరుగా మెషిన్ దగ్గరికి వచ్చి, గ్రైండింగ్ రాయి మీదే కొట్టాడు. మొదటి దెబ్బకు పగల్లేదు.

"అన్నా, దాని మీద వద్దు. కింద కొట్టుండ్రి" అన్నాను.

"పని చేసేది గిదే కద మిస్త్రీ. మొక్కేది దీనికే, కొట్టేది సుత దీని మీదనే" అని మళ్లీ మళ్లీ కొట్టాడు. కాయ పగిలింది. నీళ్లు రాయి మీదుగా కారి లోపలికి ఇంకాయి.

నేను ఒక్క నిమిషం ఆగమని కవర్ విప్పి, రాయి బయటకు తీసి, తుడిచి, తట్టాను. మొద్దు చప్పుడు. పగిలిన కుండను తట్టినట్టుంది. ఇంకోసారి వాళ్లందరి ముందు తట్టాను.

"వినుండ్రి అన్నా. పగులు పట్టింది. ఇది పెట్టద్దు. రేపు వేరేది తెస్త."

"మంచి టైం దాటిపోతుంటె గిప్పుడు పీకుడేంది?" అన్నాడు యాదగిరి.

పక్కనున్న ఆయన బామ్మర్ది నా మొహంలోకి చూసి, "నీకు కొబ్బరికాయ కొట్టుడు నచ్చలే. గది చెప్పు" అన్నాడు.

ఒళ్లు మండింది. "కాయ కొడితె నాకేం తక్లీఫ్ అన్నా? ఎన్ని ఇండ్లల్ల చూడలే? రాయి పగిలిందని చెప్తున్న" అన్నాను. ఎవరూ రాయి వైపు చూడలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. హారతి పళ్లెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ యాదగిరి భార్య ఒక్కతే నా చేతిలో ఉన్న రాయిని చూసింది.

యాదగిరి సేటుకు ఫోన్ కలిపి నాకిచ్చాడు. "ఖాజా, వాళ్ల పూజల నీకేం పని? బిగించి రా" అన్నాడు సేటు.

"పగులు పట్టింది సేటూ."

"కొత్త రాయికి పగులెట్ల పడతది? సీలు నేనే చూసిన."

"కొబ్బరికాయ కొట్టిండ్రు దాని మీద."

సేటు గొంతు తగ్గించి, "గా ముచ్చట నువ్వు అనకు. నీ నోటి నుంచి అస్సలు అనకు. బిగించి రా" అన్నాడు.

నేను బిగించలేదు. రాయిని నా సంచిలో వేసుకున్నాను, కనీసం దాన్ని అక్కడ ఉంచకుండా తీసుకుపోదామని. బామ్మర్ది సంచిలో చెయ్యి పెట్టి లాక్కున్నాడు. "మా సామాను యాడికి తీస్కపోతున్నవ్?" అన్నాడు. గేటు దగ్గర నిలబడి, "స్విచ్ ఏస్తె జెర పక్కకు నిలబడుండ్రి" అని అరిచాను. బస్సెక్కాను.

మరునాడు పొద్దున దుకాణంలో తెలిసింది. నేను పోగానే యాదగిరి తానే రాయి ఎక్కించి, నట్టు బిగించి, కవర్ పెట్టకుండా, మెషిన్ ఎదురుగా నిలబడి స్విచ్ వేశాడు. రాయి పేలింది. ఆయన ఒక కన్ను పోయింది.

ఎవరి చెయ్యి

తర్వాత ఏం జరగాలి? పగిలిన రాయి బిగించనన్నవాడిది సరైన మాట అని ఎవరో ఒకరు అనాలి. ఒక్కరూ అనలేదు. బజారులో నడిచిన మాట వేరు. మిస్త్రీ మంచి టైంలో రాయి పీకేశాడట, పూజ మధ్యలో గొణిగాడట, సగం పని వదిలేసి పోయాడట, అందుకే అట్లా అయిందట. కొబ్బరికాయ దెబ్బ ఆ మాటల్లో ఎక్కడా లేదు. సేటు ఆ మాటను దిద్దలేదు. కస్టమర్ కన్ను పోగొట్టుకుని పడుకున్నాడు, ఇప్పుడు తప్పు నీదే అని ఆయనకెవరు చెబుతారన్నాడు. మరి నాకు చెప్పడానికి మాత్రం ఎవరికీ మొహమాటం లేకపోయింది.

"ఖాజా, నువ్వు మంచి పనోనివే. కానీ ఇగనుంచి పూజలున్న కాడికి నువ్వు పోకు" అన్నాడు సేటు.

కొత్త మెషిన్ అంటేనే పూజ. పూజ లేని ఇల్లు ఎక్కడుంది? దుకాణంలో కూర్చుని డబ్బాలు విప్పుతూ, నాకంటే తక్కువ తెలిసినవాళ్లు సంచులు తీసుకుని బయల్దేరుతుంటే చూశాను. పని రాకపోతే సిగ్గుపడతాను. పని వచ్చి, చెప్పి, చెప్పినందుకే పక్కన కూర్చోవాల్సి వస్తే ఏం చేయాలి? కడుపు మండేది. ఆ మంట ఇప్పుడూ పోలేదు, ఎందుకు దాచుకోవాలి?

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట చెప్పాలి. నా మాట నిజం కాబట్టి గెలుస్తుందని అనుకోకండి. వినేవాడు ముందు మీ మొహం చూస్తాడు, పేరు చూస్తాడు, ఆ తర్వాత ఓపికుంటే మాట వింటాడు. మాట వినిపించే దారి ఇంకొకటి వెతుక్కోవాల్సిందే.

నేను వెతుక్కున్నాను. కొన్నాళ్లకు బయటి పనులకు మనుషులు దొరక్క సేటు నన్ను మళ్లీ పంపడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి రాయిని చివర బిగించడం అలవాటు చేసుకున్నాను. మెషిన్‌ను బల్ల మీద పెట్టి, బోల్టులు బిగించి, రాయిని సంచిలోంచి తీయకుండానే, "ఇగ పూజ చేసుకోండ్రి" అనేవాణ్ణి. మా ఇంట్లోంచి ఒక గ్రానైట్ ముక్క తెచ్చుకునేవాణ్ణి. దాన్ని కడిగి, మెషిన్ ముందు పెట్టి, "కాయ దీని మీద కొట్టుండ్రి" అనేవాణ్ణి. వాళ్లు దానికే బొట్టు పెట్టి, దాని మీదే కొట్టేవాళ్లు. ప్రసాదం తిన్నాక బల్ల తుడిచి, అప్పుడు రాయి తీసి, తట్టి, బిగించేవాణ్ణి. ఆ తర్వాత నా చేతి కింద ఒక్క రాయీ పేలలేదు.

అందరూ మెచ్చుకున్నారు. "భాయ్‌కి మన పద్ధతులన్నీ ఎరుకే" అనేవాళ్లు. ఆ గ్రానైట్ ముక్క ఎందుకు తెస్తున్నానని ఎవరూ అడగలేదు. ఈ పనిలో నేను సొంతంగా కనిపెట్టింది అదొక్కటే, దానికి ఒక మనిషి కన్ను పోవాల్సి వచ్చింది.

యాప్రాల్‌లో

మానేసే ముందు చేసిన చివరి పనుల్లో ఒకటి యాప్రాల్‌లో. అప్పటికి దుకాణం సేటు కొడుకు చూస్తున్నాడు. ఇంటి గుర్తులు చెప్పి పంపాడు, ఎవరిదో చెప్పలేదు. కొత్త ఇల్లు, కొత్త షెడ్డు. గేటు తీసిన మనిషికి ఒక కన్ను కదలడం లేదు. షెడ్డులో కుప్పగా ఇత్తడి గడియలు, తలుపు పిడులు. ఇల్లు ఎవరిదో తెలిసింది.

యాదగిరి నన్ను గుర్తుపట్టలేదు. అప్పుడు నాకు గడ్డం లేదు, ఇప్పుడు తెల్లటి గడ్డం, దాని మీద దుమ్ముకు కట్టుకున్న గుడ్డ. తిరిగి పోదామనుకున్నాను. కానీ నేను పోతే ఇంకొకరు వస్తారు, వాళ్ల దగ్గర గ్రానైట్ ముక్క ఉండదు. సంచి దించాను.

మెషిన్ బిగించి, గ్రానైట్ ముక్క పెట్టి, పూజ చేసుకోమన్నాను. కాయ కొట్టాక యాదగిరి తృప్తిగా నా పక్కన కూర్చున్నాడు.

"మిస్త్రీ, నువ్వు పద్ధతి తెల్సినోనివి. వెనక అల్వాల్ల ఒకడు వచ్చిండు. మంచి టైంల రాయి పీకి పడేసి పోయిండు. మనసుల ఏం పెట్టుకున్నడో ఏమో. గా రాయే నా కన్ను తిన్నది" అన్నాడు. చాయ్ తెస్తానని లోపలికి పోయాడు.

ఆయన భార్య కొబ్బరి చిప్పలు తీయడానికి వచ్చి, నా చేతుల వైపు చూసి, గొంతు తగ్గించి, "అన్నా, ఆ దినం వచ్చింది నువ్వే కద" అంది.

నేను బల్ల తుడుస్తూ ఉన్నాను.

"నువ్వు కొట్టి చూపిచ్చినప్పుడు నాకు వినబడ్డది. మొద్దు సప్పుడు."

"మరి ఎవ్వరికన్న చెప్పినవా అమ్మా?"

"దవాఖాన్ల ఆయన గోడ దిక్కు తిరిగి పండేటోడు. తినకపోయేది. ఒకదినం మిస్త్రీ చెయ్యే మంచిది కాదన్నడు. గా మాట పట్టుకోని లేచి కూసున్నడు. కాయ నా చేతితోనే కొట్టిన, నా కన్ను నేనే తీసుకున్న అని ఆయనకు ఎరుకైతె లేవకపోయేటోడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు చెప్తవా ఇయ్యాల?"

అన్నేళ్లు ఒక్కరికైనా తెలిస్తే చాలనుకున్నాను. మొదటినుంచీ తెలిసిన మనిషి ఒకామె ఉందన్నమాట. ఆమె తన మొగుణ్ణి లేపుకోవడానికి నా పేరు వాడుకుంది. కోపంతో స్పానర్‌ను బల్ల మీద పడేశాను. మాటలు ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నాయి నా దగ్గర. యాదగిరి చాయ్ తెచ్చి, పళ్లెంలో గ్లాసు ఎక్కడుందో చేత్తో తడుముకుంటూ నాకు అందించాడు. ఆ కన్ను లేని వైపు బల్ల అంచు ఆయనకు కనబడక తుంటికి తగిలింది.

చాయ్ తాగాను. సంచిలోంచి రాయి తీసి, ఆయన చెవి దగ్గర పెట్టి తట్టాను.

"వినుండ్రి అన్నా."

"గంట లెక్క మోగుతుంది" అన్నాడు.

"గిట్ల మోగకపోతె బిగియ్యద్దు. టైం దాటిపోయినా సరే, ఎవ్వరు చెప్పినా సరే."

నేను చెప్పింది అంతే. ఆమె ఊపిరి వదిలింది. రాయి బిగించాను, కవర్ పెట్టాను, యాదగిరిని భుజం పట్టుకుని పక్కకు జరిపి స్విచ్ వేశాను. ఏ వణుకూ లేదు. మోటారు మీద నిలువుగా పెట్టిన రూపాయి బిళ్ల పడకుండా నిలబడింది. యాదగిరి దాన్ని వంగి చాలాసేపు చూశాడు.

"ఆ దినం నీ అసుంటోడు వచ్చుంటె నా కన్ను మిగిలేది మిస్త్రీ" అన్నాడు.

ఆయన భార్య నేల చూపులు చూస్తోంది. నేను గ్రానైట్ ముక్కను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. యాదగిరి గేటు దాకా వచ్చాడు.

"రాయి మార్చాల్నంటె నిన్నే పిలుస్త. పేరేంది?"

"దుకాణంల గ్రైండర్ మిస్త్రీ అని అడుగుండ్రి, చాలు" అన్నాను.

ఆయనకు నా పేరు చెప్పలేదు. అందుకే మీకు మొదటే చెప్పాను.